బెత్తమా, టీసీయా, కూర్చోబెట్టి మాట్లాడించడమా? సరిహద్దు బడులకు ఒక ఎంపిక సలహా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఏ బడి స్టాఫ్ రూంలో కూర్చున్నా, పిల్లల క్రమశిక్షణ మాట వస్తే రెండు పక్షాలు కనిపిస్తాయి. "నాలుగు తగిలిస్తే గానీ దారికి రారు" అనేవాళ్లు ఒకవైపు. "చెయ్యి వేస్తే రేపు కేసు, ఆ టెన్షన్ మనకెందుకు, తండ్రిని పిలిచి టీసీ చేతిలో పెట్టేద్దాం" అనేవాళ్లు ఇంకోవైపు. ఈ మధ్య మూడో మాట కూడా వినిపిస్తోంది: రెస్టోరేటివ్ పద్ధతి. తప్పు చేసిన పిల్లవాణ్ణీ, దానివల్ల నష్టపోయినవాణ్ణీ కూర్చోబెట్టి జరిగింది మాట్లాడించి, చెడినదాన్ని చెడగొట్టినవాడి చేతే సరిచేయించడం.

మూడింట్లో ఏది మంచిది అని గుండుగుత్తగా అడిగితే జవాబు ఉండదు. నేనైతే రెండు ప్రశ్నలు వేసి చూస్తాను. ఈ తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా? జరిగితే, తప్పు చేసినవాడూ నష్టపోయినవాడూ రేపు కూడా ఒకే గదిలో కూర్చోవాలా? రెండింటికీ అవును అని వస్తే రెస్టోరేటివ్ పద్ధతిని మించింది లేదు. లేదంటే దాని జోలికి వెళ్లకపోయినా ఫర్వాలేదు. ఇక మన ప్రాంతానికి మూడో ప్రశ్న ఒకటి ఉంది, అది భాష. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

చట్టం కొట్టేసినవి ముందు పక్కన పెడదాం

బెత్తం, గోడకుర్చీ, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, వంద గుంజీళ్లు, "నీ బతుక్కి చదువెందుకురా" లాంటి మాటలు. ఇవి ఎంపికల కిందకే రావు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. చేసిన టీచర్ మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే కదా, తొమ్మిది, పది తరగతుల వాళ్ల సంగతేమిటి అని అడుగుతుంటారు. వాళ్లకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. పిల్లలు ఎవరి బాధ్యతలో ఉన్నారో ఆ మనిషే వాళ్లకు అనవసరమైన బాధ కలిగేలా కొడితే, 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లందరికీ ఇది వర్తిస్తుంది.

"కళ్లు మాత్రం వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ" అని తండ్రే అప్పజెప్పి వెళ్లడం మనవైపు ఇంకా ఉంది. ఆ అనుమతికి చట్టం ముందు చిల్లిగవ్వ విలువ లేదు.

టీసీ సంగతి కొంచెం చిక్కు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసెయ్యకూడదని అదే విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ అంటోంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసి ఆపడానికి వీలిచ్చింది తప్ప తీసెయ్యడానికి ఇవ్వలేదు. ప్రైవేటు బడులకూ ఇదే రూలు. అందుకని కొన్నిచోట్ల "మా అబ్బాయిని మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం" అని తండ్రి చేత కాగితం రాయించుకుంటారు. కాగితం మీద తండ్రి ఇష్టం, జరిగింది మాత్రం గెంటేయడం.

లోపలి జిల్లాలో టీసీ అంటే పక్క వీధి బడి. ఇక్కడ అలా కాదు. పర్లాకిమిడిలో టీసీ ఇస్తే పిల్లవాడు మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తాడు. దూరం పెద్దగా లేదు గానీ రాష్ట్రం మారుతుంది, బోర్డు మారుతుంది, పుస్తకం భాష మారుతుంది. ఆరేళ్లు ఒడియాలో రాసిన చెయ్యి ఒక్కసారిగా తెలుగులో పరీక్ష రాయాలి. ఇంట్లో తెలుగే మాట్లాడినా గుణింతం రాని పిల్లలు మన దగ్గర ఎంతమంది లేరు? అలాంటివాడు మూడు నెలలు వెళ్లి మానేస్తాడు. మానేసినవాడు ఏ సైకిల్ షాపులోనో, సూరత్ వెళ్లే బంధువుల వెనకో తేలుతాడు. జేబులో బ్లేడు దొరికిందని టీసీ ఇచ్చే ముందు హెచ్చెమ్ గారు ఇదంతా ఒక్కసారి తలుచుకోవాలి.

డైరీ, ఫైన్, సస్పెన్షన్

వీటిని తీసిపారెయ్యక్కర్లేదు. ఆలస్యంగా రావడం, హోంవర్కు చెయ్యకపోవడం, యూనిఫాం లేకుండా రావడం, ఫోను తేవడం లాంటివాటిలో ఎదుటి పిల్లవాడికి నష్టం లేదు. వీటికి గుండ్రంగా కూర్చోబెట్టి గంట మాట్లాడటం టైం దండగ. అందరికీ ఒకేలా ఉండే, ముందే చెప్పిన చిన్న రూలు చాలు. ఫోను సాయంత్రం వరకు ఆఫీసులో ఉంటుంది, హోంవర్కు ఇంటర్వెల్లో పూర్తి చెయ్యాలి, అంతే. ఫైన్ మాత్రం నాకు నచ్చదు. వంద రూపాయల ఫైన్ ఒక ఇంట్లో లెక్కలోకి రాదు, ఇంకో ఇంట్లో తల్లి ఒక పూట కూలి.

రెండు మూడు రోజులు ఇంటికి పంపడం ఒక్క సందర్భంలోనే పనికొస్తుంది: గొడవ ఇంకా సలసలా మరుగుతున్నప్పుడు, ఇద్దర్నీ విడదియ్యకపోతే మళ్లీ కొట్టుకునేలా ఉన్నప్పుడు. అది చల్లారేందుకు వ్యవధి. అదే శిక్ష అనుకుంటే, తిరిగి వచ్చేసరికి పాఠాలు పోతాయి, పగ మాత్రం అలాగే ఉంటుంది.

కూర్చోబెట్టి మాట్లాడించడం అంటే అసలేం చేస్తారు

ఈ పద్ధతి బడుల్లో పుట్టింది కాదు. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేస్తే, శిక్ష ఖరారు చేసే ముందు వాళ్లను బాధితుల ఇళ్లకు తీసుకెళ్లి మాట్లాడించారు. 1989లో న్యూజిలాండ్ మావోరీల కుటుంబ సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని, తప్పు చేసిన పిల్లల విషయం ముందు కుటుంబాల మధ్య కూర్చుని తేల్చాలని చట్టమే చేసింది. 1994లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ హైస్కూల్లో ఒక కొట్లాట తర్వాత మొదటిసారి బడిలో వాడారు.

చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది, చేసేటప్పుడే తెలుస్తుంది. ఒక కేసు ఊహించుకుందాం. ఏడో తరగతి. ఒకడి సైకిల్ ట్యూబు ఎవరో బ్లేడుతో కోశారు. కోసింది కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లవాడు. ఇంకొకరు చూశారు, సాక్ష్యం ఉంది. పాత పద్ధతిలో ఇది రెండు నిమిషాల పని: నాలుగు దెబ్బలు, ట్యూబు డబ్బులు, అయిపోయింది.

కొత్త పద్ధతిలో ముందు విడివిడిగా కూర్చుంటారు. "ఎందుకు చేశావురా?" అని అడగరు. ఆ ప్రశ్నకు పిల్లలు సాకు వెతుకుతారు, లేదా నోరు మూసేస్తారు.

"ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు నాన్నా."

"బ్లేడుతో కోశాను సార్."

"కోసే ముందు ఏం జరిగింది?"

కాసేపు మాట ఉండదు. ఇక్కడ టీచర్ తొందరపడి ఇంకో ప్రశ్న వేస్తే పని చెడుతుంది. ఊరుకోవాలి.

"రోజూ ప్రార్థన లైన్లో నా మాట వెక్కిరిస్తాడు సార్. మొన్న మా అమ్మ వస్తే అమ్మ మాట కూడా వెక్కిరించాడు."

ఇప్పుడు రెండోవాణ్ణి పిలుస్తారు. "సరదాకి అన్నాను సార్" అంటాడు. "వాడు నవ్వాడా?" అని అడిగితే కాళ్ల వైపు చూసి "లేదు సార్" అంటాడు. ట్యూబు కేసు అనుకున్నది ఇక్కడ తిరగబడింది. సైకిల్ పిల్లవాడికి నష్టం జరిగిన మాట నిజమే, దానికి ముందే వాడు ఎదుటివాడికి చేసిన నష్టం ఒకటుంది. బెత్తం పట్టుకుంటే ఇది ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. పైగా కొండ పిల్లవాడికి రెండోసారి అన్యాయం జరిగేది.

ఆ తర్వాతే ఇద్దర్నీ కలుపుతారు. అదీ ఇద్దరూ సరేనంటేనే. బల్ల అడ్డం లేకుండా గుండ్రంగా కుర్చీలు, లేదా చాప. టీచర్ కూడా అదే ఎత్తులో కూర్చోవాలి. అడిగే ప్రశ్నలు దాదాపు అందరికీ ఒకటే. ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, ఇప్పుడేమనిపిస్తోంది, దీనివల్ల ఎవరెవరికి ఇబ్బంది అయింది, సరి కావాలంటే ఏం చెయ్యాలి. చివరి ప్రశ్నకు జవాబు పిల్లల నోటి నుంచే రావాలి. కోసినవాడి దగ్గర డబ్బు ఉండదు. ఆదివారం సైకిల్ షాపుకు తోడు వెళ్లి తనే పంక్చర్ వేస్తానంటాడు. వెక్కిరించినవాడు వాడి మాటను ఇక వెక్కిరించననీ, ఇంకెవరైనా వెక్కిరిస్తే ఆపుతాననీ ఒప్పుకుంటాడు. అందరి ముందు సారీ చెప్పించాలని టీచర్‌కు చెయ్యి దురద పెడుతుంది. చెప్పించకండి. బలవంతపు సారీ వల్ల ఎవరి కోపమూ తగ్గదు.

మొత్తానికి ఒక్కొక్కరితో విడిగా పదిహేను ఇరవై నిమిషాలు, కలిపి ఒక ముప్పావుగంట. రెండు నిమిషాల పనికి ఇంతసేపా అంటే, అవును, ఇంతసేపే. ఈ పద్ధతికి అయ్యే అసలు ఖర్చు ఇదే. దీన్ని దాచి ఎవరికీ అమ్మకూడదు.

పెద్దమనుషుల రాజీతో కలిపెయ్యొద్దు

మన ఊళ్లలో దీని గురించి చెప్పగానే "ఓ, పెద్దమనుషుల్లో పెట్టడమేగా" అంటారు. పైకి అలాగే ఉంటుంది. తేడా చాలా ఉంది. పంచాయితీలో మాట్లాడేది పెద్దలు, తేల్చేది పెద్దలు, తప్పు కట్టేది తండ్రి. పిల్లవాడు మూల నిలబడి ఉంటాడు. ఊళ్లో పలుకుబడి ఎవరికుంటే తీర్పు అటు వంగడం కూడా కొత్తేమీ కాదు. పైగా రాజీ అంటే అర్థం చాలాసార్లు నష్టపోయినవాణ్ణి సర్దుకోమనడమే. రెస్టోరేటివ్ పద్ధతిలో నష్టపోయినవాడు ఏం కావాలంటాడో అక్కడి నుంచే మాట మొదలవ్వాలి. వాడు నోరు విప్పకుండా అంతా అయిపోతే, పేరేదైనా అది రాజీయే.

టీచరే పెద్దమనిషి అయిపోయే ప్రమాదం కూడా ఉంది. అరగంటలో ఇరవై నిమిషాలు తనే మాట్లాడేస్తే అది నీతిపాఠం. మాట్లాడే వంతు గుర్తుకు చేతిలో ఏదో ఒకటి, డస్టర్ అయినా సరే, పట్టించి తిప్పడం ఇందుకే. అది చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి, టీచర్‌తో సహా.

ఏ భాషలో?

ఈ పద్ధతి మీద బయట తయారైన శిక్షణ ఏదైనా, గదిలో అందరిదీ ఒకే భాష అనుకుని రాసినట్టుంటుంది. మన తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా వాళ్లు, సవర, కుయి, కువి లాంటి గిరిజన భాషల పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. బడి భాష ఒడియా. ఒడియాలో పాఠం అప్పజెప్పగల పిల్లవాడు కూడా ఒడియాలో తన ఉక్రోషం చెప్పుకోలేకపోవచ్చు. ఇద్దరిలో ఒకడికి ఆ భాష బాగా వచ్చి, ఇంకొకడికి రాకపోతే, వచ్చినవాడే గెలుస్తాడు. రానివాడు తలూపుతాడు. ఆ తలూపడాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంటే మనం చేసింది అన్యాయమే.

కాబట్టి మొదటి విడి మాటలు ఆ పిల్లవాడి ఇంటి భాషలో జరగాలి. టీచర్‌కు రాకపోతే తోటి విద్యార్థిని దుబాసీగా పెట్టకండి. వాడు రేపు తరగతంతా చాటుతాడు. భోజనం వండే అమ్మ, హాస్టల్ మేట్రన్, చిన్న తరగతుల్లో మాతృభాషలో చెప్పే టీచర్, వీళ్లలో పిల్లవాడు ఎవరిని నమ్ముతాడో వాణ్ణే అడగాలి. "ఆవిడ మా ఊరావిడ, వద్దు" అన్నాడా, వదిలెయ్యాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. అదే ఊళ్లో మనం పిల్లవాడి గోడు వాడి భాషలో వినడానికి ఒక మనిషిని వెతకలేకపోతే ఎలా?

తల్లిదండ్రుల దగ్గరా ఇదే చిక్కు. గంజాం, గజపతి వైపు ఎన్నో ఇళ్లలో తండ్రి వలస పనిలో ఉంటాడు. కూర్చోవడానికి వచ్చేది అమ్మమ్మో, మేనమామో. ఆ ముసలావిడ హెచ్చెమ్ గది గుమ్మం దగ్గరే నిలబడి "మీ చిత్తం బాబూ" అంటుంది. ఆవిణ్ణి లోపలికి పిలిచి కుర్చీ వెయ్యడంతోనే సగం పని మొదలైనట్టు. తండ్రిని ఫోన్లో స్పీకర్ పెట్టి కలపొచ్చు గానీ, వద్దనే నా సలహా. దూరం నుంచి కోపం ఒక్కటే వినిపిస్తుంది. ఒప్పందం కుదిరాక విడిగా ఫోను చేసి చెప్పడం మేలు.

ఫలితాల మాట

అద్భుతాలు చెప్పేవాళ్లను నమ్మొద్దు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్లో చేసిన పరిశీలన 2018లో వచ్చింది. సస్పెన్షన్ రోజులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు అన్నారు. అయితే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు ఫలితాలు కాస్త దిగజారాయి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 40 సెకండరీ బడుల్లో మూడేళ్లు నడిపి చూసిన ప్రయోగం ఫలితం వచ్చింది. తోటివాళ్లను ఏడిపించడం కొద్దిగా తగ్గింది, దౌర్జన్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు అర్థమయ్యేది, ఇది పనిచేసే పద్ధతే గానీ నిదానంగా పనిచేస్తుంది. పాఠం పీరియడ్లు తినేస్తూ నడిపితే చదువు నష్టపోతుంది. అందుకే దీన్ని ఇంటర్వెల్లోనో, ఆటల పీరియడ్లోనో, బడి అయ్యాకో పెట్టుకోవాలి.

ఎక్కడ అస్సలు వాడకూడదు

లైంగిక వేధింపు అని ఏ కొంచెం అనుమానం ఉన్నా కూర్చోబెట్టడం నేరాన్ని కప్పిపుచ్చడమే. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు. "అమ్మాయి పరువు" అనే మాటతో దీన్ని నాలుగు గోడల మధ్య తేల్చాలని ఎవరు చెప్పినా వినకండి. పిల్లల కోసం 1098 నంబరుకూ ఫోన్ చెయ్యొచ్చు.

టీచరే పిల్లవాణ్ణి కొట్టిన కేసుకూ ఇది వద్దు. ఎదురెదురుగా కూర్చుంటే పిల్లవాడు నిజం చెప్పగలడా? పెద్దవాళ్ల గుంపు నెలల తరబడి ఒక చిన్నవాణ్ణి పీడించినప్పుడు కూడా అంతే. ముందు వాణ్ణి కాపాడాలి, వాళ్లను విడదియ్యాలి, మాటల సంగతి చాలా తర్వాత. నష్టపోయినవాడు వద్దంటే అక్కడితో ఆపెయ్యాలి, బతిమాలకూడదు.

మీ బడికి ఏది?

ఇద్దరు టీచర్లున్న ప్రైమరీ బడి అయితే పెద్ద సమావేశాల జోలికి పోకండి, కుదరదు. రోజూ ఉదయం పది నిమిషాలు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత ఒక్క మాట చెప్పించండి. రాత్రి ఏం తిన్నారు, దారిలో ఏం చూశారు, ఏదైనా సరే, ఏ భాషలోనైనా సరే. గొడవ వచ్చినప్పుడు మాట్లాడటం అక్కడ అలవాటవుతుంది. చిన్న తగాదాలకు పైన చెప్పిన ప్రశ్నలు నిలబడే అడిగేయొచ్చు, ఐదు నిమిషాలు పడుతుంది.

హైస్కూలుకు రెండూ కావాలి. రూలు తప్పితే రూలు, మనిషికి నష్టమైతే మాట. అందరు టీచర్లకూ నేర్పాలని చూడకండి. పిల్లలు ఎవరి దగ్గరకు వెళ్లి చెప్పుకుంటారో అలాంటివాళ్లు ప్రతి బడిలో ఒకరిద్దరు ఉంటారు, వాళ్లతో మొదలుపెట్టి, వాళ్లకు వారంలో రెండు పీరియడ్లు ఖాళీ ఇవ్వండి. అది ఇవ్వలేని హెచ్చెమ్ ఈ పద్ధతి పెట్టకపోవడమే మంచిది.

హాస్టల్ బడుల్లో దీని అవసరం అన్నిటికంటే ఎక్కువ. కొట్టుకున్న ఇద్దరూ రాత్రి అదే గదిలో పడుకోవాలి, ఇంటికి పంపుదామంటే కొండ మీద ఊరు, బస్సు ఉండదు. ప్రమాదమూ అక్కడే ఎక్కువ, పదో తరగతి వాడి ముందు ఆరో తరగతి వాడు నోరు విప్పడు. అందుకని హాస్టల్లో ఈ కూర్చోబెట్టడాలు వార్డెన్ నడపకూడదు. అన్నం పెట్టే, సెలవు ఇచ్చే మనిషి ముందు ఎవరూ స్వేచ్ఛగా మాట్లాడరు. బడి వైపు నుంచి ఒక టీచర్ రావాలి.

ప్రైవేటు బడులకు వచ్చే ఇబ్బంది వేరు. ఫీజు కట్టే తండ్రి "మా వాడి టైం వేస్ట్ చేస్తారా" అనో, "అవతలివాణ్ణి తీసెయ్యండి" అనో వస్తాడు. అడ్మిషన్ అప్పుడే మా దగ్గర ఇలా జరుగుతుందని ఒక కాగితం మీద, ఒడియాలోనూ తెలుగులోనూ, ఇచ్చేస్తే తర్వాత గొంతు తగ్గుతుంది. సర్కారు బడుల్లో ఈ మాట మేనేజ్‌మెంట్ కమిటీలో పెట్టండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బెత్తం తిరిగి తెమ్మనేవాళ్లు అక్కడే ఉంటారు, వాళ్లతో వాదించాల్సిందీ అక్కడే.

ఏది ఎంచుకున్నా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎవరు ఏం చేస్తామన్నారు, ఎప్పటిలోగా, ఎవరు చూసుకుంటారు అని రెండు లైన్లు చాలు. తిట్లు, కులం, ఇంటి సంగతులు అందులో రాయొద్దు. రెండు వారాల తర్వాత ఆ టీచరే ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, ట్యూబు వేశాడా, వెక్కిరింత ఆగిందా అని అడగాలి. ఆగలేదంటే ఈసారి తరగతి టీచర్ కూడా కూర్చోవాలి, ప్రార్థన లైన్లో వాళ్లను వేర్వేరు చోట్ల నిలబెట్టాలి.